పోయిన గుర్రాలు ముందు, కొత్త గుర్రాలు తర్వాత: నాలుగు సిలిండర్ల కారుకి పవర్ పెంచిన క్రమం

బండి 2.0 లీటర్ల పెట్రోలు, టర్బో లేదు. 16 వాల్వులు, టైమింగ్ బెల్టు, ఇన్‌టేక్ పోర్టులో ఇంజెక్టర్లు, కేబుల్‌తో లాగే థ్రాటిల్ (గాలి దారిని తెరిచే రేకు), మాన్యువల్ గేర్లు. బోరు 86 మి.మీ., స్ట్రోకు కూడా 86. కంప్రెషన్ నిష్పత్తి 10:1. కొత్తలో ఫ్యాక్టరీ రాసిన లెక్క 140 హార్స్‌పవర్. రోజూ తిరిగే బండి కాబట్టి షరతులు మూడు పెట్టుకున్నాను: పొద్దున ఒక్క సెల్ఫుకి స్టార్టవ్వాలి, ట్రాఫిక్‌లో వేడెక్కకూడదు, పొగ పరీక్షలో గట్టెక్కాలి. ఈ మూడూ వదిలేస్తే పవర్ తేవడం పెద్ద విద్యేం కాదు. వదలకుండా తేవడంలోనే ఉంది పనంతా.

టర్బో లేని ఇంజిన్‌లో ఎంత ఆశించాలో ముందే తేల్చుకోవాలి. ఇంజిన్ అంటే గాలి పంపు. ఎంత గాలి లోపలికి వెళ్తే అంత పెట్రోలు కాలుతుంది, అంత పని జరుగుతుంది. బయట బిగించే సామానుతో, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) మ్యాప్‌తో, అంటే అందులోని పెట్రోలు, టైమింగ్ పట్టికతో, పది శాతం పెరిగితే బాగా చేసినట్టే. ఫిల్టరు ఒక్కటి మారిస్తే ఇరవై హార్స్‌పవర్ అని పెట్టె మీద రాసి ఉంటే ఆ పెట్టె తెరవకుండానే తిరిగిచ్చేయొచ్చు.

మొదటి పని కొలత. ఓబీడీ అడాప్టర్ (ఈసీయూలోని అంకెలు చదివే పరికరం) పెట్టి ఆర్పీఎం, గాలి ప్రవాహం, లోపలికొచ్చే గాలి ఉష్ణోగ్రత, ఇగ్నిషన్ టైమింగ్ (పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు స్పార్కు పడుతుందో), ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ తనంతట పెట్రోలుని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో) లాగ్ చేశాను. వేరే బండ్లు రాని తిన్నటి దారిలో, మూడో గేర్లో, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి 3000 నుంచి 6000 ఆర్పీఎందాకా ఎన్ని సెకన్లు పట్టిందో చూడటమే పరీక్ష. మూడో గేర్లో 6000 దగ్గర వేగం గంటకి 110 కి.మీ. దాటుతుంది కాబట్టి దీన్ని రోడ్డు మీద చేయకుండా మూసిన ట్రాక్ మీద చేయడం మేలు. అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు. సగటు తీసుకుంటే గాలి, వాలు కొట్టుకుపోతాయి. ట్యాంకు సగం, టైర్లలో ఒకే గాలి, కూలెంట్ 90 డిగ్రీలు. ఈ మూడూ ప్రతిసారీ ఒకేలా లేకపోతే సెకనులో పదో వంతు తేడాలకి అర్థం ఉండదు. మొదటి సగటు 8.1 సెకన్లు.

గాలి ప్రవాహం నుంచి పవర్ అంచనాకి మోటు లెక్క ఒకటుంది: ఒక్కో హార్స్‌పవర్‌కి సెకనుకి సుమారు 0.8 గ్రాముల గాలి. నాకు 6000 దగ్గర 104 గ్రాములు వచ్చింది, అంటే దాదాపు 130. దీన్ని ఇంకోవైపు నుంచి కూడా చూడొచ్చు. ఇంజిన్ రెండు చుట్లకి ఒకసారి నిండుతుంది. 6000 ఆర్పీఎం అంటే సెకనుకి 100 చుట్లు, 50 నింపుళ్ళు, అంటే 100 లీటర్లు. సముద్రమట్టంలో 25 డిగ్రీల దగ్గర లీటరు గాలి బరువు 1.18 గ్రాములు. నూటికి నూరు నిండితే 118 గ్రాములు రావాలి. నాది 88 శాతం నిండుతోంది. 16 వాల్వుల ఇంజిన్‌కి ఆ ఆర్పీఎంలో ఇది తక్కువే. కొత్త సామాను సంగతి తర్వాత, ఉన్నదే ఎక్కడో పోతోందని ఈ ఒక్క అంకె చెప్పింది.

థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటోందా అన్నది అన్నిటికన్నా ముందు చూడాలి. స్కానర్‌లో అంకెని నమ్మొద్దు. చాలా బండ్లలో పూర్తిగా తెరిచినా 80ల్లోనే చూపిస్తుంది. ఇంజిన్ ఆపి, ఇన్‌టేక్ గొట్టం తీసి, ఇంకొకరిని పెడల్ తొక్కమని టార్చి వేసి చూడాలి. రేకు గాలి దారికి సరిగ్గా సమాంతరంగా నిలబడాలి. నా బండిలో ఓ పది డిగ్రీలు వాలే ఉంది. కేబుల్ వదులు, దానికి తోడు పెడల్ కింద మడతపడ్డ మ్యాటు. పెడల్ వదిలినప్పుడు కేబుల్లో కొద్దిగా వదులు మిగిలేలా బిగించాలి, లేకపోతే ఐడిలింగ్ పైకి లేచి కూర్చుంటుంది.

తర్వాత కంప్రెషన్. ఇంజిన్ వేడిగా ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి, నాలుగు ప్లగ్గులూ తీసేయాలి, ఇంజెక్టర్లకీ కాయిళ్ళకీ కనెక్షన్ పీకేయాలి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పెట్టాలి. ఈ చివరిది మర్చిపోతే అన్ని సిలిండర్లూ తక్కువ చూపించి లేనిపోని భయం పుట్టిస్తాయి. ఒక్కో సిలిండర్‌కి ఐదారు కొట్లు. వచ్చిన అంకెలు పీఎస్ఐలో: 178, 176, 181, 154. మొదటి మూడూ బాగున్నాయి. నాలుగోది 181 కంటే 15 శాతం తక్కువ. పది శాతం దాటితే కారణం వెతకాల్సిందే. ప్లగ్గు రంధ్రంలో ఒక టీస్పూను ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ చూస్తే 158. రింగులు పోయి ఉంటే ఆయిల్ సందుల్ని మూసి అంకె బాగా ఎగిరేది. ఎగరలేదు కాబట్టి అనుమానం వాల్వుల మీదికి వెళ్ళింది. పిస్టన్‌ని కంప్రెషన్ పైచివర నిలిపి లీక్-డౌన్ గేజ్‌తో గాలి ఎక్కిస్తే 22 శాతం కారుతోంది, సైలెన్సర్ మూతి దగ్గర చెవి పెడితే బుస్సుమంటోంది. ఎగ్జాస్ట్ వాల్వు. (గాలి ఎక్కించేటప్పుడు క్రాంకు గిర్రున తిరగొచ్చు. బోల్టు మీద రెంచి వదిలేసి ఉంటే చేతులు విరుగుతాయి.)

ఫీలర్ గేజ్ పెడితే కారణం బయటపడింది. ఎగ్జాస్ట్ టాపెట్ సందు (క్యామ్‌కీ, వాల్వు మీది టాపెట్‌కీ మధ్య ఉండే సందు) 0.28 మి.మీ. ఉండాల్సిన చోట 0.12 ఉంది. వాల్వు సీటులోకి కొద్దికొద్దిగా అరిగి దిగిపోయే కొద్దీ దాని కాడ పైకి వస్తుంది, సందు మూసుకుపోతుంది. వేడెక్కినప్పుడు కాడ సాగి వాల్వు పూర్తిగా మూసుకోదు. టకటకలాడే టాపెట్‌ని అందరూ పట్టించుకుంటారు. నిజానికి భయపడాల్సింది చప్పుడు చేయని టాపెట్‌కి. ఆ స్థితిలో ఇంకొన్నాళ్ళు తిప్పితే వాల్వు అంచు కాలిపోయి హెడ్ దించాల్సి వచ్చేది.

ఈ ఇంజిన్‌లో షిమ్ (సందు సరిచేసే బిళ్ళ) బకెట్ (వాల్వు మీద బోర్లించిన గిన్నె లాంటి టాపెట్) కింద ఉంటుంది, అంటే క్యామ్‌షాఫ్టులు తీయాల్సిందే. టైమింగ్ గుర్తులు కలిపి, ఫొటో తీసి, క్యామ్ క్యాపుల బోల్టుల్ని చివర్ల నుంచి మధ్యకి, ఒక్కోసారి పావు చుట్టు చొప్పున వదులు చేశాను. ఒకవైపే ఒక్కసారిగా విప్పితే స్ప్రింగుల ఒత్తిడికి క్యామ్ విరిగే ప్రమాదం ఉంది. షిమ్ లెక్క తేలిక: పాత షిమ్ మందానికి, కొలిచిన సందు కలిపి, ఉండాల్సిన సందు తీసేయాలి. 2.80 + 0.12 − 0.28 = 2.64. దొరికేది 2.65, సందు 0.27 అవుతుంది, చాలు. బిగించేటప్పుడు మధ్య నుంచి చివర్లకి. అంతా అయ్యాక ఇంజిన్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్ళీ కలిశాయో లేదో చూశాకే సెల్ఫు కొట్టాలి. బెల్టు ఒక్క పన్ను తప్పినా, 20 పళ్ళ క్రాంకు పుల్లీ అయితే, అది క్రాంకు మీద 18 డిగ్రీల తప్పు. బండి స్టార్టవుతుంది, నడుస్తుంది కూడా, పికప్ మాత్రం ఉండదు. “ఎప్పుడూ ఇలాగే ఉండేది” అనుకుని ఏళ్ళ తరబడి తిరిగే బండ్లలో ఇదొక మామూలు జబ్బు. రెండు రోజుల తర్వాత నాలుగో సిలిండర్ 174 చూపించింది.

ఫ్యూయల్ ట్రిమ్ ఇంకో కథ చెబుతోంది. ఐడిలింగ్‌లో లాంగ్ టర్మ్ ట్రిమ్ +9 శాతం, 2500 ఆర్పీఎంలో +2. కొలతకి దొరకని గాలి ఎక్కడి నుంచో దొంగతనంగా వస్తోందన్నమాట. ఐడిలింగ్‌లో మొత్తం గాలి తక్కువ కాబట్టి ఆ చిల్లు వాటా పెద్దదిగా కనిపిస్తుంది, ఆర్పీఎం పెరిగితే కలిసిపోతుంది. దీనికి తలకిందులుగా, ఐడిలింగ్‌లో బాగుండి లోడులో ట్రిమ్ పెరుగుతుంటే ఫ్యూయల్ పంపు, ఫిల్టరు, లేదా మురికి పట్టిన గాలి సెన్సరు చూడాలి. ఇన్‌టేక్‌లోకి పొగ ఎక్కిస్తే పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిర్లని ఇన్‌టేక్‌లోకి పంపేది) అడుగు వంపులో, చేతికి తగలని చోట, సన్నటి దారం లాగా పొగ లేచింది. వేలితో నొక్కితే పగులు నోరు తెరిచింది. గొట్టం మార్చాక ట్రిమ్ రెండు చోట్లా 3 లోపే.

మిగతావి త్వరగా అయిపోయాయి. గాలి సెన్సరు తీగని దానికోసమే అమ్మే స్ప్రేతో కడిగాను. బ్రేక్ క్లీనరు, కార్బురేటర్ క్లీనరు దాన్ని పాడుచేస్తాయి. ఆక్సిజన్ సెన్సరు రంధ్రంలో గేజ్ పెట్టి 2500 ఆర్పీఎంలో ఎగ్జాస్ట్ ఒత్తిడి చూస్తే 1 పీఎస్ఐ. 3 దాటితే క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయినట్టే. ప్లగ్గులు కొత్తవి, గ్యాప్ 1.0 మి.మీ. ఇరిడియం ప్లగ్గు ఎక్కువ కాలం మన్నుతుందంతే, బాగున్న మామూలు ప్లగ్గుకంటే పవర్ ఇవ్వదు. నాలుగు చక్రాలూ జాకీ మీద లేపి చేత్తో తిప్పితే వెనక కుడివైపు బ్రేకు పట్టేసి ఉంది, కాలిపర్ పిన్నులు కడిగి గ్రీజు పెట్టాను.

మళ్ళీ అదే పరీక్ష: 110 గ్రాములు, 7.6 సెకన్లు. ఇంతవరకు పవర్ పెంచే సామాను ఒక్కటీ కొనలేదు. ఈ దశ దాటకుండా హెడర్లూ మ్యాపులూ పెట్టుకోవడం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే.

ఇక పెంచడం. ఇన్‌టేక్‌లో నేను ముట్టుకున్నది గాలి వచ్చే దారిని మాత్రమే. బానెట్ కింద విప్పారి కూర్చునే గుండ్రటి ఓపెన్ ఫిల్టరు చప్పుడు బాగా చేస్తుంది, వేడి గాలి తాగుతుంది. అరువు తెచ్చి బిగించి చూస్తే నెమ్మది ట్రాఫిక్‌లో లోపలి గాలి 58 డిగ్రీలు. ఫ్యాక్టరీ పెట్టె ఉంచి, దాని మూతిని గ్రిల్లు వెనక్కి, రేడియేటర్ పక్కకి జరిపితే అదే దారిలో 36. పరమ ఉష్ణోగ్రతలో చూస్తే 309కి 331. అంటే ఓపెన్ ఫిల్టరుతో గాలి సాంద్రత ఆరున్నర శాతం తక్కువ. పైగా నూనె రాసే రకం ఫిల్టరుకి నూనె ఎక్కువైతే సెన్సరు తీగ మీద చేరి కొలత తప్పిస్తుంది. ఫ్యాక్టరీ పెట్టెలో కొత్త పేపర్ ఫిల్టరే ఉంచాను. గొట్టం మూతి మరీ కిందికి దించొద్దు, నీళ్ళు నిలిచిన రోడ్డు మీద ఇంజిన్ నీళ్ళు మింగితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

అసలైన మార్పు ఎగ్జాస్ట్‌లో వచ్చింది. పోత ఇనుప మానిఫోల్డ్ తీసి 4-2-1 హెడర్ (నాలుగు గొట్టాలు రెండుగా, ఆ రెండూ ఒకటిగా కలిసేది) పెట్టాను. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 కాబట్టి 1తో 4, 2తో 3 జత కలుస్తాయి. ఒక్కో జతలో పేలుళ్ళ మధ్య 360 డిగ్రీల ఎడం ఉంటుంది, ఒకదాని ఊపు ఇంకోదాని పొగని లాగుతుంది. 4-1 రకం పై ఆర్పీఎంలో ఇంకాస్త ఇస్తుంది, రోజూ తిరిగే 2500-5000 మధ్యలో మాత్రం 4-2-1 మేలు. “ఇంజిన్‌కి బ్యాక్ ప్రెషర్ కావాలి” అనే మాట తరచూ వింటాం. కావాల్సింది ఒత్తిడి కాదు, పొగ వేగం. గొట్టం మరీ లావైతే వేగం చచ్చి కింది ఆర్పీఎంలో బండి నీరసపడుతుంది, అందుకే ఆ మాట పుట్టింది. ఈ ఇంజిన్‌కి రెండుంపావు అంగుళాల గొట్టం దాటాల్సిన పనిలేదు. క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంచాను; అది తీస్తే పొగ పరీక్ష పోతుంది, చట్టమూ ఒప్పుకోదు, వచ్చే లాభమూ అంతంతే.

పాత స్టడ్లకి రెండు రాత్రులు పెనెట్రేటింగ్ ఆయిల్ పట్టించి, ఒక్కో నట్టునీ అటు పావు, ఇటు పావు ఆడిస్తూ విప్పాను. అయినా ఒకటి హెడ్ అంచు దగ్గరే తెగింది. తెగిన ముక్క సరిగ్గా మధ్యలో పంచ్ కొట్టి, ఎడమవైపు తిరిగే బిట్టుతో 5 మి.మీ. రంధ్రం వేస్తుండగానే ముక్క కదిలి బయటికొచ్చింది. రాకపోతే ఎం8 మరకి 6.8 మి.మీ. దాకా తొలిచి మళ్ళీ ట్యాప్ చేయాలి. రంధ్రం పక్కకి జరిగితే హెలికాయిల్ (పాడైన మరలోకి ఎక్కించే తీగ చుట్ట) తప్పదు. అల్యూమినియం హెడ్ మెత్తన, గట్టి స్టడ్డు పక్కకి బిట్టు చప్పున జారుతుంది, తొందరపడితే దెబ్బ హెడ్‌కే.

హెడర్‌తో వచ్చే తిప్పలు రెండు. ఫ్లాంజ్ చదును లేకపోతే గ్యాస్కెట్ దగ్గర కారుతుంది. స్టీలు స్కేలు పెట్టి వెలుతురులో చూస్తే మధ్యలో 0.3 మి.మీ. సందు కనిపించింది, మిల్లింగ్ చేయించాను. ఆక్సిజన్ సెన్సరుకి ముందు కారితే పొగ పోవడమే కాదు, అలల మధ్యలో బయటి గాలి లోపలికీ వస్తుంది. సెన్సరు దాన్ని చూసి మిశ్రమం పల్చగా ఉందనుకుంటుంది, ఈసీయూ అనవసరంగా పెట్రోలు కలుపుతుంది. మైలేజీ పడిపోయిందని మ్యాపింగ్ చేసిన వాణ్ని తిట్టేవాళ్ళు ముందు ఈ గ్యాస్కెట్ చూసుకోవాలి.

మ్యాప్ చివర. టర్బో లేని బండిలో మ్యాప్ ఒక్కటే చేయిస్తే వచ్చేది కొద్దే. గాలి దారి మారాక దానికి తగ్గట్టు చేయిస్తేనే ఫలితం. వైడ్‌బ్యాండ్ సెన్సరుని (గాలి-పెట్రోలు పాళ్ళని కచ్చితంగా కొలిచే ఆక్సిజన్ సెన్సరు) కన్వర్టర్‌కి ముందు, అడ్డంగా కాకుండా కనీసం 10 డిగ్రీలు పైకి వాలేలా బిగించాలి, లేదంటే లోపల చేరిన తేమకి పగిలిపోతుంది. ఫ్యాక్టరీ మ్యాప్ 5000 దాటాక లాంబ్డా (1 అంటే గాలికి సరిపడా పెట్రోలు, తగ్గే కొద్దీ పెట్రోలు ఎక్కువ) 0.82కి దిగి పెట్రోలు పోస్తోంది, కన్వర్టర్ కాలకుండా. దాన్ని 0.88కి తెచ్చాం, అంటే గాలి-పెట్రోలు సుమారు 12.9:1. ఇగ్నిషన్ టైమింగ్ ఒక్కో డిగ్రీ ముందుకి జరుపుతూ ప్రతిసారీ డైనో (బండిని రోలర్ల మీద నడిపి కొలిచే యంత్రం) మీద టార్క్ చూడాలి. డిగ్రీ పెంచినా టార్క్ పెరగకపోతే అక్కడే ఆగాలి. ఈలోపే నాకింగ్ (సిలిండర్లో మిశ్రమం అదుపు తప్పి పేలే చప్పుడు) వినిపిస్తే రెండు డిగ్రీలు వెనక్కి. 6000 దగ్గర 26 నుంచి 29కి వెళ్ళగలిగాం. 4000లో మాత్రం 22కే నాకింగ్ మొదలైంది, ఫ్యాక్టరీ ఇచ్చిన 20 దగ్గరే వదిలేశాం. టార్క్ ఎక్కువుండే చోట సిలిండర్ బాగా నిండుతుంది, ఒత్తిడీ ఎక్కువే, నాకింగ్ అక్కడే ముందొస్తుంది. ఈ డిగ్రీలు ఈ ఇంజిన్‌వి, ఈ 95 ఆక్టేన్ పెట్రోలువి. ఇంకో బండికి ఎత్తి రాయడానికి కావు. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు దానంతటది పవర్ ఇవ్వదు, టైమింగ్ ముందుకి జరపడానికి చోటు ఇస్తుందంతే.

డైనో మీద మొదటి రన్ని లెక్కలోకి తీసుకోవద్దు, ఎప్పుడూ తేడాగా వస్తుంది. ఒకే డైనో, ఒకే గేరు, ఫ్యాను ముందు పెట్టి, లోపలి గాలి ఉష్ణోగ్రత అదే స్థాయికి దిగాక మళ్ళీ రన్.

చివరి లెక్క: 6200 ఆర్పీఎంలో 119 గ్రాములు, 7.0 సెకన్లు. గాలి లెక్కన 149 హార్స్‌పవర్. టైమింగ్ వల్ల వచ్చేది గాలి లెక్కకి చిక్కదు, సెకన్లలోనే కనిపిస్తుంది.

చేయకుండా ఆపేసినవీ చెప్పాలి. హెడ్ స్కిమ్మింగ్: ఒక్కో సిలిండర్ 500 సీసీ, 10:1కి పైన మిగిలే చోటు 55.6 సీసీ. 11:1కి అది 50 కావాలి. ఆ 5.6 సీసీ కోసం హెడ్ దించి ఒక మిల్లీమీటరు పైగా చెక్కాలి. పుస్తకాల లెక్కన సామర్థ్యంలో లాభం రెండున్నర శాతం. హెడ్ కిందికి దిగితే బెల్టు వదులై క్యామ్ టైమింగ్ వెనకబడుతుంది, సర్దే పుల్లీ కొనాలి, నాకింగ్‌కి చోటూ తగ్గుతుంది. నా దృష్టిలో గిట్టుబాటు కాదు. పెద్ద క్యామ్ 6000 పైన నిజంగానే ఇస్తుంది, కానీ ఐడిలింగ్ వణుకుతుంది, వాక్యూమ్ తగ్గి బ్రేకు పెడల్ గట్టిపడుతుంది. గాలి ఉష్ణోగ్రత సెన్సరు తీగకి రెసిస్టర్ అతికించి “చిప్” అని అమ్మేవాటి సంగతి ఇంకా విచిత్రం: ఈసీయూకి గాలి చల్లగా ఉందని అబద్ధం చెబుతాయి, మామూలు నడకలో ఫ్యూయల్ ట్రిమ్ ఆ అబద్ధాన్ని దిద్దేస్తుంది, వేడిగా ఉన్న రోజు టైమింగ్ మాత్రం ముందుకెళ్ళి నాకింగ్ మిగులుతుంది. పికప్ ఒక్కటే కావాలంటే ఫైనల్ డ్రైవ్ 3.9 తీసి 4.2 పెట్టుకోవచ్చు: ప్రతి గేర్లో చక్రం దగ్గర టార్క్ 7.7 శాతం ఎక్కువ, హైవే మీద ఆర్పీఎం కూడా అంతే ఎక్కువ.

టర్బో బండి అయితే క్రమం తారుమారవుతుంది, మ్యాపే ముందు. బూస్ట్ 0.8 బార్ నుంచి 1.1కి పెంచితే, వాతావరణ ఒత్తిడి కలుపుకుని 1.8 నుంచి 2.1, అదే ఉష్ణోగ్రతలో 17 శాతం ఎక్కువ గాలి. ఆ “అదే ఉష్ణోగ్రత” ఇంటర్‌కూలర్ చేతిలో ఉంది. ప్లగ్గు గ్యాప్ 0.7కి తగ్గించాలి, లేకపోతే ఒత్తిడిలో స్పార్కు ఆరిపోయి మిస్సింగ్ వస్తుంది. ఇంజెక్టర్లు సరిపోతాయా చూడాలి: బూస్ట్‌లో హార్స్‌పవర్‌కి గంటకి పావు కిలో పెట్రోలు, 200కి 50 కిలోలు, నలుగురికి పంచితే పన్నెండున్నర. 85 శాతం సేపే తెరిచి ఉంచాలనుకుంటే ఒక్కో ఇంజెక్టర్ నిమిషానికి సుమారు 330 సీసీ ఇవ్వాలి. నాలుగో గేర్లో 2000 దగ్గర పూర్తిగా తొక్కినప్పుడు వేగం పెరగకుండా ఆర్పీఎం ఎగిరితే క్లచ్ ప్లేటు జారుతోంది. డైరెక్ట్ ఇంజెక్షన్ చిన్న టర్బోల్లో పెద్ద గేర్లో తక్కువ ఆర్పీఎం నుంచి పూర్తిగా తొక్కే అలవాటే ప్రమాదం: స్పార్కుకి ముందే మిశ్రమం అంటుకుని పిస్టన్ పగలగొట్టగలదు. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్పీ గ్రేడు ఆయిల్లో దీనికి పరీక్ష ఉంది, ఆ గ్రేడు గానీ దాని తర్వాత వచ్చినది గానీ వాడాలి. గేరు దించి తొక్కడం అంతకన్నా ముఖ్యం.

నా బండిలో హెడర్ నట్లు వెయ్యి కిలోమీటర్ల తర్వాత చల్లటి ఇంజిన్ మీద మళ్ళీ బిగించాను, రెండు కొద్దిగా తిరిగాయి. ప్లగ్గులు తీసి చూస్తే పింగాణీ నాలుగింటికీ ఒకే లేత గోధుమ రంగు. నల్లటి చుక్కలు గానీ, మెరిసే అల్యూమినియం రవ్వలు గానీ ఉంటే నాకింగ్ జరుగుతున్నట్టు. ట్రిమ్ 3 లోపే ఉంది. నాలుగో సిలిండర్ ఎగ్జాస్ట్ టాపెట్‌ని పదివేల కిలోమీటర్ల దగ్గర మళ్ళీ కొలిచాను: 0.26. పెట్టిన రోజు 0.27.